పెరుగు లేని వేసవి

విశాఖపట్నం
మే 18, 2025

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం చేరింది. బెర్లిన్ గురించి మూడు పేజీలు రాసి, చివర్లో ఒక్కటే అడిగావు: "ఈ ఎండల్లో పెరుగు లేకుండా ఎలా బతుకుతున్నావురా?" చికెన్ మానేసి ఎలా ఉన్నావని అడగలేదు చూడు, అక్కడే నువ్వు మనోడివని తెలిసిపోయింది. ఇక్కడ అందరూ బిర్యానీ గురించే జాలిపడుతున్నారు. నిజం చెప్తున్నా, బిర్యానీ నాకు నెల రోజుల్లోనే పోయింది. పెరుగు దగ్గర మాత్రం నా పని అయిపోయింది.

పప్పు, కూర, పులుసు ఎన్ని తిన్నా చివర్లో తెల్లగా కలుపుకోకపోతే చెయ్యి కడగబుద్ధి కాదు కదా మనకి. వీగన్‌గా, అంటే మాంసం, చేపలతో పాటు పాలు, పెరుగు లాంటివి కూడా ముట్టకుండా ఉండటం జనవరిలో మొదలుపెట్టాను కాబట్టి చలికాలం ఎలాగో నెట్టుకొచ్చాను. మార్చి దాటాక మన వైజాగ్ ఉక్కపోత నీకు తెలియందేముంది, స్నానం చేసి తుడుచుకునేలోపే మళ్ళీ తడిసిపోతాం. ఒకరోజు మధ్యాహ్నం ఫ్రిజ్ తీసి, మజ్జిగ చెంబు ముందు రెండు నిమిషాలు నిలబడ్డాను. అమ్మ వెనకనుంచి వచ్చి "కరెంటు పోతోంది, తాగితే తాగు, లేకపోతే తలుపెయ్యి" అంది. తలుపేశాను. ఆ రాత్రే పల్లీలు నానబోశాను.

పల్లీ పెరుగు సంగతి వివరంగా రాస్తాను, నీకూ పనికొస్తుంది. ఒక గ్లాసు పచ్చి పల్లీలు రాత్రి నానబెట్టి, పొద్దున్న చేత్తో నలిపితే పొట్టు ఊడొస్తుంది. మూడు గ్లాసుల నీళ్ళు పోస్తూ మెత్తగా రుబ్బి, పల్చటి గుడ్డలో వడకట్టు. ఆ పాలని సన్న సెగ మీద పది నిమిషాలు కలుపుతూనే కాచాలి. ఫోన్ చూస్తూ వదిలేశావో, అచ్చం పాలలాగే పొంగి స్టవ్ మీదికొస్తాయి, అడుగు కూడా అంటుతుంది. గోరువెచ్చగా అయ్యాక తోడు వెయ్యాలి. పెరుగు వెయ్యకూడదు కదా, మరి తోడెక్కడిది? పచ్చిమిరపకాయల తొడిమెలు! ఏడెనిమిది కడిగి పాలల్లో ముంచి మూత పెట్టెయ్. తొడిమెల మీదుండే సూక్ష్మజీవులే పాలని పులియబెడతాయి. ఇక్కడి వేడికి ఏడెనిమిది గంటలు చాలు. మీ దగ్గరైతే లైటు వేసిన ఓవెన్‌లో రాత్రంతా ఉంచాలేమో.

అసలు మాట ఇప్పుడు చెప్తున్నా. మొదటిసారి తోడుకున్నదాన్ని తినకు. అది సరిగ్గా గట్టిపడదు, జిగురుగా ఉంటుంది, పైన నీళ్ళు తేలతాయి. అందులోంచి రెండు చెంచాలు తీసి మళ్ళీ కొత్త పల్లీపాలకి తోడు వెయ్యి, అప్పుడొస్తుంది పెరుగు. ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. మొదటిదాన్నే అన్నంలో కలుపుకుని తిని, వారం రోజులు లోకంలోని వీగన్‌లందరి మీదా కోపంగా తిరిగాను.

రెండో తోడు బాగానే వచ్చింది కానీ పల్లీ వాసన మాత్రం పోదు. దాన్ని దాచే ప్రయత్నం చెయ్యకు. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో నూనె పోపు పెట్టి, సన్నగా తరిగిన అల్లం కలిపి దద్దోజనం చెయ్యి. వాసన పోపులో కలిసిపోతుంది. పల్చగా చిలికి, ఉప్పు, నిమ్మాకు నలిపి వేస్తే మజ్జిగలాగే దిగుతుంది. మామూలు మజ్జిగంత బాగుంటుందా అంటే ఉండదు. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఈ పెరుగు డబ్బా పట్టుకుని గర్వంగా అనకాపల్లి దగ్గర అమ్మమ్మ ఊరు వెళ్ళాను. ఆవిడ వేలు ముంచి నాకి, "ఏటిరా ఇది, పల్లీ సెట్నీలో నీళ్ళు పోసి తెచ్చినావా?" అంది. పాలు ఎందుకు మానేశానో చెప్పాను. పెయ్యదూడకి ఉండే విలువ గేదె పోతుదూడకి ఉండదని, దానికి దక్కాల్సిన పాలు మనం తాగుతామని. ఆవిడ వాదించలేదు. పోతుదూడల సంగతి ఆవిడకి నాకంటే బాగా తెలుసు. కాసేపాగి, "మా సిన్నప్పుడు మజ్జిగ ఎవుళికి ఉండేదిరా? పాడున్నోళ్ళకి. మనకేటుంది, తరవాణే" అంది.

నేను తరవాణి పేరు వినడమే తప్ప ఎప్పుడూ తాగలేదు. ఆవిడకీ చెయ్యబుద్ధి పుట్టినట్టుంది, అటక మీంచి కుండ దింపించింది. బియ్యం కడిగిన నీళ్ళు, అన్నం వార్చిన గంజి అందులో పోసి మూతేసి మూల పెట్టింది. రోజూ వార్చిన గంజి అందులోకే. మూడో రోజు మూత తీస్తే పుల్లటి వాసన ముక్కుని కొట్టింది. అందులో రాత్రి మిగిలిన అన్నం వేసి ఉంచి, పొద్దున్నే ఉప్పు, నిమ్మాకు వేసి కలిపి పెట్టింది. పక్కన పచ్చి ఉల్లిపాయ, కొత్తావకాయ ముక్క. మొదటి ముద్ద మింగడానికి కొంచెం ఆలోచించాను. మూడో ముద్దకి కంచం వంచి తాగుతున్నాను. అంత ఎండలోనూ కడుపు సాయంత్రం దాకా చల్లగా ఉందిరా.

కాలవకి అవతల పాడి ఉన్న ఇంటికి వెళ్ళి చెంబుడు మజ్జిగ అడగడానికి వాళ్ళమ్మ సిగ్గుపడి, పిల్లల్ని పంపేదట. అమ్మమ్మ నవ్వుతూనే చెప్పింది కానీ నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. పల్లీ పెరుగుతో నేనేదో కొత్తది కనిపెట్టినట్టు వెళ్ళాను. పశువుల్లేని ఇళ్ళన్నీ తరవాణి, చోడి అంబలితోనే వేసవులు దాటాయి. వాళ్ళని వీగన్‌లని ఎవరూ అనలేదు, బీదవాళ్ళన్నారు. మా వీగన్ గ్రూపులో కుర్రాళ్ళు బాదంపాల డబ్బాల ఫొటోలు పెట్టినప్పుడల్లా ఇప్పుడు నాకు అమ్మమ్మ కుండ గుర్తొస్తోంది.

గ్రూపంటే, ఆదివారాలు మేం ఏడెనిమిది మందిమి పొద్దున్నే ఆర్కే బీచ్‌కి వెళ్తాం. కురుసుర సబ్‌మెరైన్ ఉంది కదా, దానికి కొంచెం ఇవతల. మొదట్లో మాస్కులు పెట్టుకుని, కబేళాల వీడియోలు నడిచే ల్యాప్‌టాప్‌లు పట్టుకుని చదరంగా నిలబడేవాళ్ళం. 2016లో మెల్‌బోర్న్‌లో మొదలైన పద్ధతి అది, మీ బెర్లిన్‌లో కూడా చూసే ఉంటావు. ఇక్కడ ఏమైందంటే, ఒక చిన్నపిల్ల చూసి గుక్కపట్టి ఏడ్చింది. వాళ్ళమ్మ మమ్మల్ని తిట్టిన తిట్లకి మాస్కు ఉండటమే మంచిదైంది. తప్పు మాదేననిపించింది. వాకింగ్‌కి వచ్చిన మనిషిని భయపెట్టి కూర మార్పించగలమా?

ఇప్పుడు పానకం కుండ పెడుతున్నాం. లీటరు నీళ్ళకి నూటయాభై గ్రాముల అనకాపల్లి బెల్లం, అర చెంచా దంచిన మిరియాలు, శొంఠి, నాలుగు ఏలకులు, చిటికెడు ఉప్పు, ఒక నిమ్మకాయ. ముందురోజు రాత్రే కొత్త కుండలో కలిపి ఉంచుతాం. గ్లాసు చేతికిచ్చాక మనిషి కనీసం తాగేంతసేపు నిలబడతాడు, ఆ కాసేపు మాట్లాడొచ్చు.

గత ఆదివారం ఎండుచేపల తట్టతో ఒకామె వచ్చింది. రెండు గ్లాసులు తాగి, "ఏటి బాబూ, ఏటి అమ్ముతన్నారు?" అంది. అమ్మట్లేదమ్మా, చేపలు, మాంసం, పాలు మానమని చెప్తున్నాం అన్నాను. పక్కనున్నవాళ్ళు నా వైపు చూశారు, తట్ట చూసి కూడా అలా అన్నానేంటని. ఆమె మాత్రం పకపకా నవ్వింది. "జూన్ దాకా ఏట లేదు కదా, బోట్లన్నీ కట్టేసున్నాయి. ఇప్పుడు మేమూ మీ పార్టీయే. తరవాత మా పిల్లలకి కూడు మీరెడతారా?"

నీకు గుర్తుందా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అరవై ఒక్క రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రంలో మరపడవల వేట ఆపేస్తారు. ఆ రోజుల్లో ఆమె ఇల్లు ఎలా గడుస్తుందో నాకు తెలీదు. ఆమె అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఇంకో గ్లాసు పోశాను. తాగి, తట్ట ఎత్తమంది. ఎత్తాను. వీగన్‌ని, ఎండుచేపల తట్ట నెత్తికెత్తాను! మా వాళ్ళలో ఒకడు దాని మీద నాతో అరగంట గొడవపడ్డాడు. వాడితో ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు.

ఇంకో గొడవ కూడా అయింది, అది మంచికే అయింది. ఎవరో "శాకాహారమే సాత్వికం" అని అట్ట మీద రాసుకొచ్చారు. మా గ్రూపులో ఒకమ్మాయి ఉంది, నాకంటే రెండేళ్ళ ముందునుంచి వీగన్. అట్ట చూసి, "మా నాన్న చదువుకున్న హాస్టల్లో ఆయన కంచం వేరే పెట్టేవాళ్ళు. ఈ మాట చూస్తే మా ఇంట్లో ఆ కంచమే గుర్తొస్తుంది. ఇది ఉంటే నేనుండను" అంది. ఆమె చెప్పాకే నాకూ కొన్ని ముడిపడ్డాయి. 2012లో ఉస్మానియాలో పిల్లలు బీఫ్ ఫెస్టివల్ ఎందుకు పెట్టారో, 2023లో ఐఐటీ బాంబే హాస్టల్ క్యాంటీన్లో "శాకాహారులు మాత్రమే ఇక్కడ కూర్చోవాలి" అన్న కాగితాలు అంటిస్తే విద్యార్థులు ఎందుకు తిరగబడ్డారో. పక్కవాడి కంచాన్ని దూరం పెట్టడానికి వాడే మాటని జంతువుల మీద ప్రేమ అని ఎలా చెప్పుకుంటాం? అట్ట చింపేశాం. 2014 ప్రభుత్వ సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి తొంభై ఎనిమిది మందికి పైగా మాంసాహారులే. వాళ్ళని కించపరిచి ఎవరితో మాట్లాడతాం చెప్పు? నా లెక్కలో గిన్నెడు నెయ్యి పోసుకునే శాకాహారి మాకు దగ్గరి చుట్టమూ కాదు, నాటుకోడి తినేవాడు శత్రువూ కాదు.

మా చెల్లి మాత్రం ఇవేవీ పట్టించుకోదు. పదహారేళ్ళకే నిప్పు. అమెరికాలో జెనెసిస్ బట్లర్ అనే అమ్మాయి 2019లో, పన్నెండేళ్ళప్పుడు, ఈస్టర్ ముందు ఉపవాసాల్లో వీగన్‌గా ఉండమని పోప్ ఫ్రాన్సిస్‌నే అడిగింది. ఒప్పుకుంటే ఆయన చెప్పిన సేవాసంస్థకి పది లక్షల డాలర్లు ఇస్తామంది ఆమె వెనకున్న సంస్థ. ఆయన ఒప్పుకోలేదనుకో. మొన్న ఏప్రిల్‌లో ఆయన పోయారని టీవీలో వచ్చినప్పుడు చెల్లి మాకు ఈ కథంతా చెప్పింది. అంతకుముందే అదే ఎత్తు నాన్న మీద వేసింది: ఉగాది నుంచి శ్రీరామనవమి దాకా పాలు ముట్టకపోతే వేసవంతా బండి తానే కడుగుతానని. నాన్న రెండు రోజులు బెల్లం వేసిన అల్లం డికాషన్ తాగారు. మూడో రోజు పొద్దున్న వీధి చివర టీకొట్టు దగ్గర దొరికిపోయారు. బండి ఇప్పటికీ దుమ్ము కొట్టుకునే ఉంది.

అక్కడ నువ్వు డబ్బా పనసకాయ కొని బర్గర్ చేసుకున్నావని చదివి అమ్మ నోరెళ్ళబెట్టింది. ఇక్కడ బజార్లో కొట్టిన పనసపొట్టు దొరుకుతోంది. పసుపు, ఉప్పు వేసి ఉడికించి, గట్టిగా పిండి, చింతపండు పులుసు, శనగపప్పు మినప్పప్పు పోపు, దింపాక చల్లారనిచ్చి ఆవముద్ద కలపాలి. వేడి మీద కలిపితే చేదొస్తుంది, జాగ్రత్త. పెళ్ళిళ్ళలో మనం రెండోసారి వడ్డించుకునే ఆ కూరలో పాల చుక్క లేదని నాకు ఈ ఏడే తట్టింది. ఆవకాయలోనూ లేదు. పలాస వైపునుంచి వచ్చే పచ్చి జీడిపప్పుతో కూర చేసినా అంతే, కొబ్బరిపాలు పోస్తే చాలు. సువర్ణరేఖ మామిడి గుజ్జు, నానబెట్టి రుబ్బిన జీడిపప్పు, బెల్లం కలిపి ఫ్రీజర్లో పెడితే ఐస్‌క్రీమ్. అది నాన్న కూడా తిన్నారు, కిమ్మనకుండా.

ఒకటి మర్చిపోకు. బీ12 బిళ్ళ వేసుకో. మొక్కల తిండిలో అది సరిపడా దొరకదు, నేను పరీక్ష చేయించుకుంటే తక్కువే ఉంది. "బిళ్ళ మింగి తిండి తినడమేటిరా" అని అమ్మమ్మ నవ్వింది, నవ్వనీ. ఇక్కడికొస్తే పచ్చచుక్క చూసి మోసపోకు, పాలపొడి ఉన్న బిస్కెట్లకీ అదే చుక్క. వీగన్ వాటికి వేరే గుర్తు 2022 నిబంధనలతో వచ్చింది, కానీ మా వీధి కొట్లో ఇంకా ఒక్క ప్యాకెట్ మీద కూడా కనపడలేదు.

అమ్మమ్మ నిన్ను అడిగింది. "ఆ పొడుగు గుంటడు ఎప్పుడొస్తాడు, తరవాణి తాగుతాడా?" అని. డిసెంబర్లో వస్తే చలికి పులవదు, వేసవిలో రా. ఈలోపు పల్లీ పెరుగు చేసి చూడు. అక్కడ మిరపకాయలు తొడిమెలు తీసేసి అమ్ముతారేమో, అలా అయితే రాయి, ఎండబెట్టిన తొడిమెలు తోడుకి పనికొస్తాయేమో ఇక్కడ చేసి చూసి చెప్తాను.

నీ
బక్కోడు