చిలికాలో డాల్ఫిన్ల వెంట పడమని రాయకండి

సంపాదకుడు గారికి,

రెండు ఆదివారాల కిందట మీ పర్యాటక పేజీలో చిలికా సరస్సు గురించి వచ్చింది చదివినప్పటి నుంచీ రాయాలి రాయాలి అనుకుంటూనే ఉన్నాను, ఇంటి పనుల్లో ఇన్నాళ్లు పట్టింది. పడవవాళ్లను కాస్త గట్టిగా అడిగితే డాల్ఫిన్లను చేతికందేంత దగ్గరగా చూపిస్తారని రాశారు. ఆ ఒక్క వాక్యానికి నాకు ఒళ్లు మండింది. మాది ఇచ్ఛాపురం. చిలికా మాకు పక్కూరు లాంటిది, హౌరా వైపు రైలెక్కితే రంభ దాటాక కిటికీలోంచే నీళ్లు కనిపిస్తాయి. ఆ గట్టిగా అడగడం వల్ల అక్కడ ఏం జరుగుతోందో మొన్న సంక్రాంతి సెలవుల్లో కళ్లారా చూసి వచ్చాను.

పూరీ వెళ్లి అక్కడి నుంచి చిలికా ఒడ్డునున్న సాతపడా పోయాం. పొడవాటి ఇనుప కడ్డీ చివర ఫ్యాన్ ఉండే మోటారు పడవ, అందులో మాతో కలిపి పది మంది. అరగంట పోయాక ఫుస్సుమని ఒక చప్పుడు. బూడిద రంగు గుండ్రటి తల, టీవీల్లో చూపించే వాటిలాగా ముక్కు పొడుగ్గా ఉండదు, గాల్లోకి ఎగరనూ ఎగరదు, అలా పైకొచ్చి ఊపిరి పీల్చుకుని మునిగిపోతుంది. దాని పక్కనే ఒక పిల్ల. ఎవరో కేక వేశారు, అంతే, చుట్టుపక్కల పడవలన్నీ అటే తిరిగాయి. లెక్కపెట్టాను, పదకొండు. మోటార్ల హోరులో పక్కనున్న మనిషి మాట వినపడలేదు, డీజిల్ పొగ కళ్లలోకి కొట్టింది. తల్లి మునిగి కొంచెం అవతల తేలేది, పడవలన్నీ అక్కడికి పరుగు. మళ్లీ మునిగేది, మళ్లీ పరుగు. ఇలా నాలుగు సార్లు. నాలుగోసారి వీపు మీద తెల్లగా పొడుగాటి గీత ఒకటి స్పష్టంగా కనిపించింది. ఫ్యాన్ కోసిందో, వల కోసిందో నేను చెప్పలేను. మా చిన్నది చెవులు మూసుకుని "అమ్మా, మనం వెళ్లిపోదాం" అంది.

ఇంజను ఆపు నాయనా అన్నాను. అతనికి తెలుగు వచ్చు. "ఆపితే వెనకాలవాళ్లు ఊరుకోరమ్మా, చూపించకపోతే డబ్బులివ్వం అంటారు" అన్నాడు. అన్నట్టే వెనక కూర్చున్న విశాఖపట్నం వాళ్లు పోనీ, ఇంకా దగ్గరికి పోనీ అని ఒకటే అరుపులు. అతను చేపలు పట్టుకునే మనిషి, సీజన్లో నాలుగు ట్రిప్పులు తిప్పితేనే ఇల్లు గడుస్తుంది. అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. మన వాళ్లను చూసే సిగ్గేసింది.

డాల్ఫిన్ చేప కాదు, ఊపిరి కోసం పైకి రాక తప్పదు. ఆ బురద నీళ్లలో కళ్లతో చూసేది తక్కువ, దారీ తిండీ అన్నీ చప్పుడుతోనే వెతుక్కుంటుంది. పదకొండు మోటార్ల మధ్య దాని గతేమిటి? వీటిని ఇరవాడీ డాల్ఫిన్లంటారు. పేరు బర్మా నదిదే గానీ, 1866లో రిచర్డ్ ఓవెన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఈ జాతిని మొదటిసారి వర్ణించింది 1852లో మన విశాఖపట్నం రేవులో దొరికిన దాన్ని బట్టే. ఈ సంగతి మన బడిపిల్లలకు ఎవరైనా చెబుతున్నారా? చిలికాలో ఇప్పుడున్నవి అటూఇటూగా నూట యాభై. 1972 వన్యప్రాణి చట్టంలో పులికి ఎలా మొదటి షెడ్యూలు రక్షణ ఉందో వీటికీ అలాగే ఉంది. పులిని పదకొండు జీపుల్లో తరిమితే ఊరుకుంటారా?

ఆ సరస్సును కాపాడుకోవడానికి ఎంత కష్టపడ్డారో కూడా మీరు రాయలేదు. పూడిక పేరుకుపోయి, చేపలు తగ్గిపోయి, 1993లో అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం కింద ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2000లో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వాక మళ్లీ ప్రాణం వచ్చి 2002లో ఆ జాబితా నుంచి బయటపడింది. అలాంటి చోట మేం వెళ్లిన రేవులో రేట్ల బోర్డు ఆమడ దూరానికి కనిపిస్తుంది, డాల్ఫిన్ దగ్గర పడవ ఎలా నడపాలో ఒక్క ముక్క నాకు ఎక్కడా కనపడలేదు. లైఫ్ జాకెట్లు పలక కింద కుప్పగా పడున్నాయి, వేసుకోమన్నవాడు లేడు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగి అంతమంది పోతే నాలుగు రోజులు ఎక్కడ చూసినా తనిఖీలే, తర్వాత మామూలే. మన తీరంలో మాత్రం ఏం బాగుంది? ఏటా చలికాలంలో తాబేళ్లు చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తాయి, గొయ్యి తీసి పూడ్చేస్తారు, వలలకు తాబేళ్లు తప్పించుకునే ఏర్పాటు ఉందా లేదా అని అడిగే అధికారి కనపడడు. ఎవరి ఉద్యోగం వాళ్లు చేస్తే ఇవన్నీ నేను రాయాల్సిన పని లేదు.

ఒక్కటి చెప్పాలి. తిరిగొచ్చేటప్పుడు ఫ్యాన్‌కు నాచు చుట్టుకుని మా పడవ ఆగిపోయింది. అతను కత్తితో నాచు కోస్తుంటే పది నిమిషాలు ఎక్కడా చప్పుడు లేదు. అప్పుడు కొంచెం దూరంలో రెండు డాల్ఫిన్లు వాటంతటవే తేలాయి, కంగారు లేకుండా, ఒకదాని వెనక ఒకటి. ఊపిరి వదిలిన చప్పుడు మాకు వినిపించింది. వెనకాలవాళ్లు కూడా నోరెత్తలేదు. మా చిన్నది ఇప్పటికీ చెప్పేది ఆ పది నిమిషాల గురించే.

కాబట్టి సార్, దగ్గరగా చూపించమని అడగండి అన్న మాటను సవరించి, దూరంగా ఉండగానే ఇంజను ఆపమని అడగండి, ఆపినందుకు అతనికి ఇవ్వాల్సింది పూర్తిగా ఇవ్వండి అని అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. వేసవి సెలవులు మొదలయ్యేలోపు వేస్తే మన వైపు నుంచి వెళ్లేవాళ్లు చదువుకుని వెళతారు.

– ఒక పాఠకురాలు, ఇచ్ఛాపురం