2025 వార్షిక నివేదిక: శ్రీసభ బోధన మన చేలల్లోకి వచ్చిన ఏడాది

గౌరవనీయులైన విచారణ (పారిష్) గురువులకు, మఠకన్యలకు, ఉపదేశి గారికి, సంఘ సభ్యులందరికీ వందనాలు. 2025 జనవరి నుంచి డిసెంబరు వరకు మన విచారణ సామాజిక సేవా సంఘం చేసిన పనులను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను.

2025 శ్రీసభకు, అంటే కతోలిక చర్చికి, జూబిలీ (పవిత్ర) సంవత్సరం. ఈస్టర్ మర్నాడు, ఏప్రిల్ 21న, ఫ్రాన్సిస్ పోపు గారు ప్రభువులో నిద్రించారు. మే 8న ఎన్నికైన కొత్త పోపు గారు 14వ లియో అనే పేరు తీసుకున్నారు. ఆ ఎన్నికలో మన హైదరాబాదు అగ్రపీఠాధిపతులు (ఆర్చిబిషప్) పూల అంతోని కార్డినల్ గారూ పాల్గొన్నారు. ఆ పేరు ఎందుకు తీసుకున్నదీ పోపు గారే రెండు రోజుల తర్వాత కార్డినళ్లకు చెప్పారు. 1891లో 13వ లియో పోపు కార్మికుల పక్షాన 'రేరుం నోవారుం' లేఖ రాశారు. ఆనాడు ఫ్యాక్టరీలు తెచ్చినటువంటి మార్పే ఇప్పుడు కృత్రిమ మేధ వల్ల వస్తోందని, పనిచేసేవాళ్ల గౌరవాన్ని శ్రీసభ మళ్లీ కాపాడాలని కొత్త పోపు గారి ఉద్దేశం. హైదరాబాదు 1886లో మేత్రాసనం (డయాసిస్) అయిందీ ఆ 13వ లియో పోపు కాలంలోనే. కాబట్టి ఆ లేఖ రోము నుంచి ఎవరికోసమో వచ్చిందనుకోవడానికి లేదు.

ఈ ఏడాది సంఘం ఎక్కువ సమయం పెట్టింది, ఎక్కువ టెన్షన్ పడింది మిర్చి కూలి విషయంలోనే. అందుకే దాన్ని వివరంగా రాస్తున్నాను.

కోతల కాలంలో మన చేలకు వచ్చేవాళ్లలో చాలామంది ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు కుటుంబాలు. పిల్లాపాపలతో వచ్చి గట్ల పక్కన పరదాలు కట్టుకుని ఉంటారు. ఈసారి ధర పడిపోయింది. కేంద్రం కలగజేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించేదాకా వెళ్లింది పరిస్థితి. టిక్కీలు (మిర్చి బస్తాలు) మార్కెట్ యార్డుకు పంపితే పెట్టుబడి కూడా రాదని కొందరు సరుకును కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. సరుకు అమ్ముడుపోలేదు కాబట్టి కూలి డబ్బూ ఆగింది. మార్చిలో కూలీల ముఠాను తెచ్చే ఒక మేస్త్రీ తన నోటుపుస్తకం తెచ్చి మన సంఘం బల్ల మీద పెట్టాడు. ఒక్కో పేరుకు ఎదురుగా కోసిన కాయ కిలోల్లో, ఆ పక్కన ఖర్చులకు తీసుకున్న డబ్బు, చివర రావాల్సిన మొత్తం. 'ముట్టింది' అని రాయాల్సిన గడి పేజీ పొడవునా ఖాళీ. కొన్ని పేర్లు ఒక్క అక్షరంతోనే ఉన్నాయి. అవి భర్త లెక్కలో కలిపేసిన ఆడవాళ్లవి.

అప్పుడు సంఘం బియ్యం, కందిపప్పు, నూనె కొని ఆ పరదాల దగ్గర పంచింది. ఎవరి మతం ఏమిటని అడగలేదు, అడగాల్సిన పనీ లేదు. స్కూలు మానేసి వచ్చిన పిల్లలకు సాయంత్రాలు మఠకన్యలు గుడి వరండాలో చదువు చెప్పారు. ఇవన్నీ మంచి పనులే, చేసినవాళ్లందరికీ సంఘం తరఫున కృతజ్ఞతలు.

జూన్ నుంచి నెలకో ఆదివారం, రెండో పూజ అయ్యాక, శ్రీసభ సామాజిక బోధన చదవడం మొదలుపెట్టాం. మనలో చాలామందికి జ్ఞానోపదేశం చిన్నప్పటి మొదటి దివ్యసత్ప్రసాదంతోనే (ఫస్ట్ కమ్యూనియన్) ఆగిపోతుంది. ఆ తర్వాత పెళ్లప్పుడు నాలుగు మాటలు వింటాం, అంతే. ఈ చదువులో అందరినీ ఆలోచనలో పడేసిన మాట రెండో వాటికన్ మహాసభ 1965లో గృహస్థ విశ్వాసుల, అంటే గురువులూ మఠవాసులూ కాని మనలాంటివాళ్ల, సేవ గురించి ఇచ్చిన పత్రంలో ఉంది. న్యాయంగా ఇవ్వాల్సింది ముందు ఇవ్వాలి, హక్కుగా రావాల్సినదాన్ని దానంగా చూపించకూడదు అని దాని సారాంశం. అది చదివాక ఒక పెద్దావిడ లేచి, "మార్చిలో మనం పంచిన బియ్యం వాళ్ల కూలి డబ్బుతో వాళ్లే కొనుక్కోవాల్సిందేగా" అన్నారు. కాసేపు ఎవరూ జవాబు చెప్పలేదు. అక్కడ కూర్చున్నవాళ్లలో కూలి బాకీ ఉన్న రైతులూ ఉన్నారు, కూలికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. అందరూ ఒకే గుడికి వచ్చేవాళ్లే.

కూలివాళ్ల జీతం తొక్కిపెట్టడాన్ని సత్యోపదేశం (శ్రీసభ బోధనల గ్రంథం) ఆకాశానికి మొరపెట్టే పాపాల్లో చేర్చింది. అన్న కయీను చంపిన హేబెలు రక్తం ఉన్నదీ ఆ వరుసలోనే. పొద్దుగూకకముందే కూలి చేతికివ్వాలని, అతను మనవాడైనా పరాయివాడైనా సరేనని ద్వితీయోపదేశకాండం చెబుతుంది. ఇవి విన్నాక కౌలు రైతులు తమ బాధ చెప్పుకున్నారు. అది కూడా వినాల్సిందే. పొలం తమది కాదు, బ్యాంకు అప్పు సులువుగా పుట్టదు, కౌలు ముందే కట్టాలి, మందుల కొట్లో బాకీ, పైన ధర లేదు. నా అభిప్రాయంలో కౌలు రైతును దోషిగా నిలబెట్టడం ఈ బోధన ఉద్దేశం కాదు. కానీ ఆ నష్టం మొత్తం గొలుసులో అందరికన్నా కిందున్న మనిషి మీద పడకూడదని మాత్రం అది గట్టిగా చెబుతుంది.

చర్చలు చాలా జరిగాయి, ఒకసారి మాట మీద మాట పెరిగి ఫాదర్ గారు సర్దిచెప్పాల్సి వచ్చింది. చివరికి డిసెంబరులో ఒక ఒప్పందానికి వచ్చాం. విచారణలోని రైతులు శనివారం సాయంత్రం వారం కూలి చెల్లిస్తారు. చేతిలో డబ్బు ఆడని కౌలు రైతుకు సంఘం సహాయ నిధి నుంచి వడ్డీ లేకుండా ఇస్తాం, సరుకు యార్డుకు వెళ్లాక తిరిగి కట్టాలి. ఆడవాళ్ల లెక్క వాళ్ల పేరు మీదే రాయాలి, డబ్బు వాళ్ల చేతికే ఇవ్వాలి. సంతకం పెట్టని రైతులు ఇంకా ఉన్నారు. వాళ్లనీ కలుస్తూనే ఉన్నాం.

జూబిలీ అంటే బైబిల్లో అప్పులు విడిపించే ఏడాది కూడా. పేద దేశాల అప్పులు మాఫీ చేయమని ఫ్రాన్సిస్ పోపు గారు ధనిక దేశాలను అడిగారు. మన నిధి చిన్నది. అయినా పాత బాకీల మీద వడ్డీని కమిటీ ఏకగ్రీవంగా రద్దు చేసింది. అసలు కట్టాల్సినవాళ్లు దయచేసి కట్టండి, ఆ డబ్బుతోనే ఇప్పుడు కూలి నడవాలి.

నవంబరు 2, సమాధుల పండుగ. మన సమాధుల తోటలో ఊరివాళ్ల సమాధులకూ పల్లెవాళ్ల (దళితవాడవాళ్ల) సమాధులకూ మధ్య ఒక పిట్టగోడ ఉండేదని అందరికీ తెలుసు. కుల వివక్ష శ్రీసభలోనే ఉందని, అది పాపమని మన దేశపు పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య 2016 డిసెంబరులో విడుదల చేసిన దళిత సాధికారత విధానంలో ఒప్పుకుంది. 2022లో దళిత తెలుగు బిడ్డ పూల అంతోని గారు కార్డినల్ అయితే మనమంతా టపాకాయలు కాల్చాం. ఆగస్టు 10న నల్ల జెండాలు పట్టుకుంటాం, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చిన ఎస్సీ హోదా దళిత క్రైస్తవులకు ఎందుకివ్వదని అడుగుతాం. అది న్యాయమైన కోరిక. ఆ న్యాయం అడిగేవాళ్లం మన చచ్చిపోయినవాళ్ల మధ్య గోడ పెట్టుకోకూడదు. అక్టోబరులో యువత ఆ గోడ తీసేశారు. పండుగనాడు ఫాదర్ గారు తీర్థజలం చల్లడం పల్లెవాళ్ల వైపు నుంచి మొదలుపెట్టి ఒకే ప్రార్థనతో తోటంతా తిరిగారు. ఆ రోజు రాని కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాళ్ల పెద్దల సమాధుల మీద కూడా యువత కొవ్వొత్తులు వెలిగించారు.

పెళ్లి తరగతుల్లో ఈసారి వధూవరుల తల్లిదండ్రులనూ కూర్చోబెట్టాం. ఇద్దరి స్వేచ్ఛా సమ్మతి లేకపోతే అది వివాహ సంస్కారమే కాదని శ్రీసభ చట్టం. కట్నం బేరం కుదిరాక పిల్లని అడగడం సమ్మతి తీసుకోవడం కాదు. కట్నాన్ని నిషేధించిన 1961 చట్టం గురించి అందరికీ తెలుసు, అయినా కట్నం తగ్గిందని నేను చెప్పలేను. పెళ్లి ఖర్చుకు సంఘం నుంచి అప్పు అడిగేవాళ్లు కట్నం ఇవ్వడం లేదని రాసివ్వాలనే ప్రతిపాదన ఈ సమావేశం ముందుంది. నేను దాన్ని బలపరుస్తున్నాను.

ప్రకృతి సంరక్షణ గురించి ఫ్రాన్సిస్ పోపు గారు రాసిన 'లౌదాతో సీ' లేఖకు పదేళ్లు నిండిన సందర్భంగా తిరునాళ్లలో ఫ్లెక్సీలు, ప్లాస్టిక్ గ్లాసులు మానేశాం. గుణదల మాత యాత్రకు వెళ్లినవాళ్లూ స్టీలు గ్లాసులే పట్టుకెళ్లారు.

జమాఖర్చుల పట్టిక ఆడిట్ అయ్యాక గుడి నోటీసు బోర్డు మీద పెట్టాం. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి. ఈ ఏడాది పరలోక ప్రాప్తి పొందిన సభ్యుల కోసం సమావేశానికి ముందు జపమాల చెబుతాం.

కోతలు మొదలయ్యాయి. వచ్చే ఆదివారం రెండో పూజ కాగానే రైతులు, మేస్త్రీలు కలిసి కూర్చుని కిలో కూలి రేటు తేల్చాలి. సంతకం పెట్టిన ప్రతి ఇంటి నుంచీ ఒకరు రావాలి. మేస్త్రీలు నోటుపుస్తకాలు తెచ్చుకోవాలి.

ఇట్లు,
కార్యదర్శి