కోడ్‌లో పేరు కనపడగానే టర్బో విప్పొద్దు

సంపాదకుల వారికి,

నమస్కారం. డీజిల్ కారు లాగడం లేదని ఆటోనగర్‌కి తెస్తే ముందు స్కానర్ పెడతారు. తెర మీద వచ్చే లోపం కోడ్‌లో 'టర్బో' (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) అన్న మాట కనపడిందంటే చాలు, చాలాచోట్ల స్పానర్లు బయటికొస్తాయి. ఆ కోడ్ పి0045 అయితే టర్బో పోయిందని కాదు, టర్బోని అదుపు చేసే కరెంటు లైనులో తేడా ఉందని అర్థం. పి0299 వేరు. గాలి ఒత్తిడి చాలడం లేదని అది చెబుతుంది. అప్పుడు చీలిన హోసులు, వాక్యూమ్ గొట్టాలు, మసి పట్టి ఇరుక్కున్న టర్బో లోపలి వేన్లు (కదిలే రేకులు) చూసుకోవాలి. రెండింటినీ ఒకే గాటన కట్టేసరికి, టర్బోకి వెళ్లే వాక్యూమ్‌ని అదుపు చేసే కరెంటు వాల్వైన సాలినాయిడ్‌తోనో చిన్న వైరుతోనో పోయే పని టర్బో ఖర్చు దాకా వెళ్తోంది.

వాక్యూమ్‌తో పనిచేసే టర్బోల్లో ఈ లైను పెద్ద చిక్కుముడేమీ కాదు. సాలినాయిడ్‌కి సాధారణంగా రెండే వైర్లు. ఒకదానికి రిలే, ఫ్యూజ్ మీదుగా 12 వోల్టులు వస్తాయి. రెండోదాన్ని ఈసీయూ (ఇంజన్‌ని అదుపు చేసే కంప్యూటరు) చకచకా ఎర్త్‌కి కలుపుతూ వదులుతూ ఉంటుంది. వదిలిన క్షణంలో సాలినాయిడ్ లోపలి కాయిల్ గుండా వచ్చిన బ్యాటరీ వోల్టేజీ ఆ వైరు మీద కనపడాలి. కనపడకపోతే కోడ్ వేస్తుంది. ఫ్యూజ్ కొట్టేసినా, కాయిల్ తెగినా, వైరు తెగినా ఈసీయూకి ఒకటే. ఏ పార్టో చెప్పడం దాని వల్ల కాదు, ఆ పని మనదే.

కోడ్‌లన్నీ రాసుకున్నాకే చెరపాలి. పక్కనే ఈజీఆర్ (పొగని కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) సాలినాయిడ్ కోడ్ కూడా ఉంటే రెండింటికీ ఒకే ఫ్యూజ్ ఉందేమో ముందు చూడాలి. తర్వాత సాలినాయిడ్ కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) ఊడదీసి, తాళం ఆన్ చేసి, 12 వోల్టుల పిన్‌కీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టాలి. కొన్ని బళ్లలో ఇంజన్ నడుస్తుంటేనే ఆ సప్లై వస్తుంది, అది మరవొద్దు. మీటరుందిగా, బల్బెందుకు అంటారు. చిలుము పట్టిన పిన్ దగ్గర 20 ఓమ్‌ల అడ్డు ఉందనుకోండి. మీటరు దాదాపు కరెంటే తీసుకోదు కాబట్టి నిక్షేపంగా 12 చూపిస్తుంది. అదే లైను మీద 14 ఓమ్‌ల కాయిల్ పడితే దానికి దక్కేది 5 వోల్టుల లోపే. బల్బు ఆ గుట్టు వెంటనే బయటపెడుతుంది: గుడ్డిగా వెలుగుతుంది, లేదా అసలు వెలగదు. ఇలాంటి లైనే ఒక్కోసారి పి0299 గానూ బయటపడుతుంది, కాబట్టి ఆ కోడ్ వచ్చినా ఈ పరీక్ష వృథా కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు నీళ్లలో నిలిచిన కార్లకైతే ప్రతి కప్లర్ విప్పి పచ్చటి చిలుము ఉందేమో చూడాల్సిందే.

బల్బు భేషుగ్గా వెలిగితే కాయిల్ కొలవాలి. చాలా రకాల్లో 10 నుంచి 20 ఓమ్‌ల మధ్య ఉంటుంది, కొన్నింట్లో ఇంకా ఎక్కువ. ఆ మోడల్ మాన్యువల్‌లో ఉన్న అంకెతో పోల్చాలి. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, ఇంజన్ వేడెక్కాక ఒకసారి కొలవాలి, ఎందుకంటే వేడికి మాత్రమే తెగే కాయిళ్లుంటాయి. గుంటూరు ఎండలో మధ్యాహ్నం వచ్చే కంప్లైంటు పొద్దున దొరకదు. రీడింగ్ సున్నా దగ్గర ఉంటే కాయిల్ షార్టయినట్టు. దాన్ని అలాగే ఉంచి ఈసీయూ మారిస్తే కొత్తదీ దెబ్బతినొచ్చు.

కాయిల్ బాగుంటే ఇక ఈసీయూ వైపు వైరే. బ్యాటరీ తీసి, రెండు చివర్లా కప్లర్లు ఊడదీసి కొలిస్తే ఒక ఓమ్ లోపు రావాలి, బాడీకి మాత్రం అసలు కలవకూడదు. కొలుస్తూనే వైరింగ్‌ని చేత్తో కదపాలి. బ్యాటరీ ట్రే కింద, బ్రాకెట్‌కి రాసుకునేచోట, ఎగ్జాస్ట్ వేడి తగిలేచోట, ఎలుకలు కొరికేచోట అంకె ఎగిరిపడుతుంది. వైరులోకి గుండుసూది గుచ్చి కొలవడం మాత్రం మానాలి. ఆ చిల్లులోంచి వానాకాలం తేమ దిగి ఆరు నెలల్లో మళ్లీ అదే కోడ్ రావొచ్చు. కప్లర్ వెనక నుంచి సన్నటి ప్రోబ్ పెడితే సరిపోతుంది. తెగినచోట మెలిపెట్టి టేపు చుట్టడం కాదు, క్రింప్ చేసి (లోహపు తొడుగులో పెట్టి నొక్కి) జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి. ఈసీయూ ఔట్‌పుట్ చూడాలంటే సాలినాయిడ్ బదులు రెండు పిన్నుల మధ్య 5 వాట్ల బల్బు పెట్టి స్కానర్‌తో ఆదేశమివ్వాలి. అక్కడ 21 వాట్లది పెట్టకండి, ఈసీయూ మీద భారం పడుతుంది.

ఐదు వైర్ల ఎలక్ట్రానిక్ యాక్చుయేటర్లకి (వాక్యూమ్ బదులు మోటారుతో టర్బోని అదుపు చేసేవి) ఈ బల్బు వైద్యం వద్దు. పొజిషన్ సెన్సర్ ఉన్న వాటిలో 5 వోల్టుల లైను కూడా ఉంటుంది, పొరపాటున 12 తగిలిందా అంతే సంగతులు.

కార్ల యజమానులకో విన్నపం: టర్బో మార్చాలని చెబితే సప్లై, కాయిల్, వైరు, ఈ మూడు రీడింగులూ బిల్లు వెనక రాయించుకోండి. మెకానిక్‌కి ఇరవై నిమిషాల పని.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
ఆటోనగర్, విజయవాడ