మా శిక్షణలో సబ్జెక్టుకూ చోటివ్వండి: జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సార్‌కు నమస్కారం.

నేను ములుగు వైపు ఒక హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. కిందటేడు కాకతీయుల పాఠం చెప్తుంటే ఏడో తరగతి పిల్ల లేచి, "సార్, పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండుతది కదా. ఆ వాలు అప్పట్ల ఎట్ల కనుక్కున్నరు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. గొలుసుకట్టు చెరువుల గురించి నాకు తెలిసింది నాలుగు వాక్యాలే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

శిక్షణల్లో పాఠం ఎలా చెప్పాలో నేర్పుతున్నారు. చార్టులు, యాక్టివిటీలు, మంచివే. కానీ పాఠంలోని విషయాన్ని లోతుగా నేర్చుకునే గంట దొరకడం లేదు. చదివింది అర్థం కావాలంటే ఆ సంగతి ముందే కొంత తెలిసుండాలి. తూము అంటే ఏంటో తెలియని పిల్లకు చెరువు పాఠం ఉత్త అక్షరాలే. టీచర్‌కైనా అంతే.

2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచర్‌కూ ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంటోంది. అందులో సగమైనా సబ్జెక్టుకు ఇవ్వండి. చుట్టుపక్కల బడుల టీచర్లమంతా కలిసే కాంప్లెక్స్ సమావేశం ఒక్కటి రామప్ప గుడి దగ్గర పెట్టండి. 1213 నాటి ఆ గుడి ఇసుక పునాది గురించి, నీళ్లలో తేలే ఇటుకల గురించి తెలిసిన ఇంజినీర్ చెప్తే, ఫిజిక్స్ టీచరూ నేనూ పక్కపక్కన కూర్చుని వింటాం. తర్వాత కలిసి పాఠం రాసుకోవడానికి ఒక పూట కావాలి. నెల తిరిగాక ఎవరైనా మా క్లాసులో కూర్చుని, పిల్లలకు ఎంత గుర్తుందో మాతో కలిసి చూడాలి.

ఆ పిల్ల ఇప్పుడు ఎనిమిదిలో ఉంది. నేను తనకింకా జవాబు బాకీ ఉన్నాను సార్.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్