థీసిస్ పూర్తయ్యేలోపు యాప్ మారిపోయింది

సంపాదకులకు,

ఆ మధ్య ఒక పీహెచ్‌డీ వైవాకు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్లాను. ఒక మొబైల్ యాప్‌ను జనం ఎందుకు వాడుతున్నారు, ఎందుకు వాడటం లేదు అన్నది అంశం. నాలుగు వందల మందికి పైగా ప్రశ్నావళి నింపారు. లెక్కలు పద్ధతిగానే ఉన్నాయి. నేను అదే యాప్‌ను నా ఫోన్‌లో తెరిచి, "మీరు సర్వే చేసింది ఇదేనా?" అని అడిగాను. అభ్యర్థి కాసేపు అటూ ఇటూ జరిపి చూసి, "అప్పుడిలా లేదండీ" అన్నారు. రెండేళ్లలో డబ్బు చెల్లించే భాగం కొత్తగా వచ్చి చేరింది, ఒక మెనూ మొత్తం ఎగిరిపోయింది. థీసిస్‌లో దీని గురించి ఒక్క వాక్యం లేదు. తప్పు ఆ అభ్యర్థిది కాదు, అలా చూడాలని ఎవరూ నేర్పలేదు. (డిగ్రీ ఇవ్వవచ్చనే రాశాను, ఆ మాటా చెప్పాలి.)

ఇది విశ్వవిద్యాలయాల ఇంటి గొడవే కదా, పత్రికకెందుకు అనవచ్చు. కానీ ఇలాంటి పరిశోధనలను చూపించి ప్రభుత్వాలు పథకాలు పెడతాయి, ఆసుపత్రులు సాఫ్ట్‌వేర్ కొంటాయి.

చాలాచోట్ల పీహెచ్‌డీ మొదట్లో చెప్పే కోర్స్‌వర్క్ పాఠాల్లో పరిశోధన పద్ధతి అంటే గణాంకాల ప్యాకేజీలో ఏ బటన్ తర్వాత ఏది నొక్కాలన్నదే. సిద్ధాంతం అంటే బాణాలు గీసిన నాలుగు డబ్బాల బొమ్మ. ఆ బొమ్మ చాలాసార్లు 1989లో ఫ్రెడ్ డేవిస్ ఇచ్చిన నమూనాయే: ఇది పనికొస్తుందన్న నమ్మకం, వాడటం తేలికన్న నమ్మకం ఉంటే మనిషి దాన్ని వాడతాడని. చక్కటి నమూనా, ఉద్యోగి ముందు ఒక ప్రోగ్రామ్ పెట్టి వాడతావా అని అడిగే రోజులకు బాగా సరిపోయింది. అంతకుముందు 1962లో ఎవరెట్ రోజర్స్ రాసిన, కొత్తవి జనంలో ఎలా పాకుతాయో చెప్పే వ్యాప్తి సిద్ధాంతానికి ఒక ముఖ్యమైన ఆధారం, అమెరికాలోని అయోవా రైతులు హైబ్రిడ్ మొక్కజొన్నకు ఎలా మారారో చెప్పిన 1943 నాటి అధ్యయనం. అయితే మొక్కజొన్న విత్తనం సంచిలో ఉండగా రాత్రికి రాత్రి అప్‌డేట్ కాదు. యాప్ అవుతుంది. పైగా తయారుచేసినవాళ్లు అనుకోని పనికి వాడేవాళ్లే దాన్ని తిప్పుకుంటారు. యూ, హెన్‌ఫ్రిడ్సన్, లిటినెన్ అనే పరిశోధకులు 2010లో రాసిన వ్యాసం దీన్నే పట్టుకుంది: పరికరం, నెట్‌వర్క్, సేవ, కంటెంట్ అనే పొరలు విడివిడిగా, వేర్వేరు చేతుల్లో మారుతుంటాయి కాబట్టి డిజిటల్ వస్తువు ఎప్పటికీ 'పూర్తయింది' అనిపించుకోదు. అలాంటిదాన్ని ఒక్క రోజు సర్వేతో కొలవడమంటే, పారే నీటిని ఒక్క ఫొటో తీసి వేగం చెప్పమన్నట్టే.

సర్వేలు పాతబడ్డాయి, ఇప్పుడు లాగ్ డేటా (ఎవరు ఎప్పుడు ఏం చేశారో సాఫ్ట్‌వేర్ తనంతట తాను రాసుకునే చిట్టా) ఉందిగా అని కుర్రవాళ్లు అంటున్నారు. అక్కడే నాకు ఎక్కువ భయం. ఒక కార్యాలయంలో మేం లాగ్‌లు తీసి చూస్తే, రోజంతా ఒక్క ఎంట్రీ లేదు, సాయంత్రం చివరి పావుగంటలో వందలు. సిబ్బందికి సాఫ్ట్‌వేర్ రాదని రాసేయబోయాం. రెండు రోజులు వాళ్ల పక్కన కూర్చుంటే తెలిసింది: పని జరుగుతున్నంతసేపూ నోటు పుస్తకంలో రాసుకుంటారు, చివర్లో వేగంగా టైప్ చేసే ఒకాయన అందరి పేరుతో, ఒక్క పాస్‌వర్డ్‌తో ఎక్కించేస్తాడు. లాగ్ అబద్ధం చెప్పలేదు, మేం అడగాల్సింది అడగలేదు, అంతే. పెద్దవాళ్లూ ఈ గోతిలో పడ్డారు. వెతుకులాటల్ని బట్టి ఫ్లూ ఎంత ఉందో చెప్పే గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ 2008లో మొదలైంది. 2012–13 శీతాకాలంలో అది చూపించిన అంకె, డాక్టర్ల దగ్గరకు వచ్చిన ఫ్లూ కేసుల లెక్కకు దాదాపు రెట్టింపు. సెర్చ్ ఇంజన్ కూడా మారుతూ ఉండటం దానికి ఒక కారణమని 2014లో పరిశోధకులు రాశారు. కొలబద్దే సాగిపోతే కొలతేం చేస్తుంది? ఇక ఆ డేటా కూడా కంపెనీల దయే. 2023లో ట్విటర్ ఉచిత డేటా సదుపాయాన్ని ఆపేయడంతో ఎంతోమంది పని మధ్యలో ఆగింది.

పక్కన కూర్చుని చూసే పద్ధతి కొత్తదేం కాదు. వాండా ఒర్లికోవ్‌స్కీ అనే పరిశోధకురాలు 1992లోనే ఒక కన్సల్టింగ్ సంస్థలో లోటస్ నోట్స్ ఏమైందో అలాగే చూసి రాశారు. తెలిసింది పంచుకోవడానికి తెచ్చిన సాఫ్ట్‌వేర్ అది, అక్కడ ప్రమోషన్ మాత్రం పక్కవాడిని దాటి వెళ్తేనే. ఎవరు పంచుకుంటారు?

ఇదంతా తెలిసీ విద్యార్థి సర్వేనే ఎందుకు పట్టుకుంటాడంటే, అది మూడు నెలల్లో అయిపోతుంది. ఫెలోషిప్ గడువు, పబ్లికేషన్ల టెన్షన్ ఉన్నవాడికి ఏడాది ఫీల్డ్‌వర్క్ చెయ్యమని చెప్పడం గైడ్‌కి తేలిక. అందుకని విశ్వవిద్యాలయాలను కోరేది రెండే. ఫీల్డ్‌లో గడిపే కాలాన్ని గడువులో కలిపి లెక్కకట్టండి. తాను చూసింది ఏ తేదీన, ఏ వెర్షన్‌ను అన్నది ప్రతి థీసిస్‌లో రాయించండి.

ఈసారి నా కోర్స్‌వర్క్ బ్యాచ్‌కు మొదటి అసైన్‌మెంట్ మార్చాను. ఒక యాప్ తీసుకుని, దాని అప్‌డేట్ నోట్స్ మొదటి నుంచీ చదివి, ఏ మార్పు ఎవరి కోసం వచ్చిందో రాయమన్నాను. వారం తిరక్కముందే ఇద్దరు వచ్చి, "సార్, ప్రశ్నావళి ఒకసారి చూస్తారా" అని అడిగారు.

భవదీయుడు,
ఒక పరిశోధన గైడ్