అద్దాల గదిలో పెద్దకూర

ప్రియమైన మిత్రమా,

కిందటి శనివారం మా పెళ్ళిరోజు. ఆ రాత్రి షికాగోలో మేము చేసిన భోజనం గురించి నీకే రాయాలి, ఎందుకంటే అందులోని తమాషా ఇక్కడి స్నేహితులకు ఎంత వివరించినా సగమే అర్థమవుతుంది.

మేముండే నేపర్‌విల్ నుంచి రైలెక్కి యూనియన్ స్టేషన్‌లో దిగి, పడమరగా ఇరవై నిమిషాలు నడిస్తే ఫుల్టన్ మార్కెట్ అనే పేట వస్తుంది. ఒకప్పుడు అక్కడన్నీ మాంసం టోకు వ్యాపారుల గిడ్డంగులే. ఇప్పుడు అదే పేటలో ఒక పాత శీతల గిడ్డంగి గూగుల్ కార్యాలయంగా మారింది. మెక్‌డొనాల్డ్స్ ప్రధాన కార్యాలయం కూడా 2018 నుంచి అక్కడే ఉంది. నగరానికి దక్షిణాన 1865లో మొదలైన యూనియన్ స్టాక్‌యార్డ్స్ అనే పశువుల సంత 1971లో మూతపడేదాకా షికాగో మాంసం మీదే బతికిందంటే అతిశయోక్తి కాదు. ఆ సంతకు గుర్తుగా ఒక రాతి ద్వారం మాత్రం నేటికీ నిలబడి ఉంది. అలాంటి ఊళ్ళో, మాంసపు కొక్కేలు వేలాడిన వీధిలోనే, ఈ మధ్య కొత్తగా తెరిచిన స్టేక్‌హౌస్‌కు వెళ్ళాము. స్టేక్ అంటే మరేమీ కాదు, రెండు వేళ్ళ మందాన కోసి నిప్పుల సెగ మీద కాల్చిన పెద్దకూర ముక్క.

లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా నిలువెత్తు అద్దాల గది ఉంది. మన నగల దుకాణాల్లో వడ్డాణాలకు పెట్టే దీపాల వంటివి పెట్టి, వెనక గులాబీ రంగు ఉప్పు ఇటుకలు పేర్చి, ఎముకతో ఉన్న పెద్ద పెద్ద మాంసపు దిమ్మలను అరల మీద వరుసగా ఉంచారు. ఒక్కొక్కదానికీ తేదీ రాసిన చీటీ తగిలించారు. పైన నల్లగా ఎండి, చెట్టు బెరడు కట్టినట్టుగా ఉన్న వాటిని చూసి మా ఆవిడ, “ఇవి చెడిపోయినట్టున్నాయి, మనకు ఇవే పెడతారా?” అని నా చెవిలో అడిగింది. మాకు వడ్డించిన కుర్రవాడు ఓపికగా చెప్పాడు. నీళ్ళు గడ్డకట్టే స్థితికి కాస్త పైన ఉండే చల్లదనంలో, గాలి ఆడేటట్టుగా, నాలుగు నుంచి ఆరు వారాలపాటు వాటిని ఆరనిస్తారట. తేమ కొంత ఆవిరై రుచి చిక్కబడుతుంది. మాంసంలో సహజంగా ఉండే ఎంజైములే కండ పీచును వదులు చేస్తాయి. ఆ నల్లటి పెచ్చును కోసి పారేసి, లోపలి భాగాన్ని మాత్రమే కాలుస్తారు.

అతను ఇంత వివరంగా చెబుతుంటే నాకు మీ ఇంటి వెనక దండెం గుర్తొచ్చింది. ఎండాకాలంలో మీ అమ్మ పెద్దకూరను సన్నగా, పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ రాసి, తాడు మీద ఆరవేసిన తునకలకు మనమిద్దరం కర్రలు పట్టుకొని కాకుల కాపలా కాసేవాళ్ళం కదా. అక్కడ ఎండ చేసిన పనిని ఇక్కడ యంత్రం చేస్తోంది. రెండూ ఒకటే అని నేననను. తునకలు నిలవ కోసం పూర్తిగా ఎండబెట్టేవి, ఇది మెత్తదనం కోసం సగంలో ఆపేది. పైగా మనం తిన్నది బర్రెకూర, ఇక్కడిది ఆంగస్ జాతి కోడెది. అయినా ఒకచోట చుట్టాలొస్తే దండెం మీద బట్ట కప్పి దాచినదాన్ని, మరొకచోట వచ్చిన ప్రతివాడికీ కనిపించేలా వాకిట్లోనే దీపాలు పెట్టి నిలబెట్టారు. ఆ తేడా చూసి నవ్వాలో ఏం చేయాలో తోచక కాసేపు ఆ అద్దం ముందే నిలబడిపోయాను.

ఇక్కడ మాంసాన్ని మనలా పోగులు పెట్టి, అన్ని ముక్కలూ కలిపి ఇవ్వరు. పశువు ఒంట్లో ఏ చోటి ముక్కకు ఆ పేరు, ఆ ధర. పక్కటెముకల దగ్గరిది రిబ్‌ఐ, నడుము దగ్గరిది స్ట్రిప్, వెన్నెముక కింద పెద్దగా కదలిక లేకుండా ఉండే మెత్తటి కండ ఫిలే. ప్రభుత్వం ఇచ్చే గ్రేడుల్లో అన్నిటికన్నా పైది ప్రైమ్; ఎర్రటి కండ మధ్య తెల్లటి కొవ్వు ఎంత సన్నగా, ఎంత ఎక్కువగా అల్లుకొని ఉంటే గ్రేడు అంత పెరుగుతుంది. నేను ఎముకతో ఉన్న రిబ్‌ఐ చెప్పాను. ఎంతవరకు కాల్చాలని అడిగితే, మన అలవాటు కొద్దీ బాగా ఉడకాలని అనబోయాను. ఆ కుర్రవాడి ముఖం చిన్నబోవడం చూసి, అతని ఇష్టానికే వదిలేశాను. అతను మీడియం రేర్ అని రాసుకున్నాడు, అంటే ముక్క నడిమధ్యన వేడి 130 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటగానే దించేస్తారన్నమాట.

పళ్ళెంలోకి వచ్చిన ముక్క పైన బొగ్గులాగా ఉంది, కోస్తే లోపల ఎర్రగా ఉంది. ఆ ఎర్రటి రసం నెత్తురు కాదని, కండలో ఉండే మయోగ్లోబిన్ అనే పదార్థమని నాకు తెలుసు. అయినా మొదటి ముక్క నోట్లో పెట్టుకోవడానికి ధైర్యం కూడదీసుకోవలసి వచ్చింది. ఆ తరువాత ధైర్యంతో పని పడలేదు. మసాలా లేదు, కారం లేదు, అల్లం వెల్లుల్లి లేవు. ఉప్పు, మిరియాలు, పైన కరిగిన కాస్త వెన్న, అంతే. పెచ్చు కరకరలాడుతూ, కాస్త చేదుగా, వేయించిన పప్పు వాసన వేసింది. మాంసంలోని ప్రోటీన్లూ చక్కెరలూ గట్టి సెగకు కలిసి ఆ రంగును, ఆ రుచిని పుట్టిస్తాయని మయ్యార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పేరు మీద చెబుతారు. 1912లో ఆయన వివరించిన చర్య అది. మన కూరలో మసాలా చేసే పనంతా ఇక్కడ నిప్పు చేస్తుందని నాకు అప్పుడు అర్థమైంది. అయితే నిజం చెబుతున్నాను, సగం అయ్యేసరికి నా నాలుక పచ్చిపులుసు కోసం వెతికింది.

మీగడలో ఉడికించిన పాలకూర, మెదిపిన ఆలుగడ్డ విడిగా తెప్పించుకోవాలి, వాటి ధర వాటిదే. ఆ పాలకూర గురించి రాయడానికి ఏమీ లేదు. చేపతో సరిపెట్టుకుంటానన్న మా ఆవిడ నా పళ్ళెంలో సగం ఖాళీ చేసింది. పన్నూ టిప్పూ కలిపి బిల్లు 260 డాలర్లయింది, అంటే 20 వేల రూపాయల పైమాటే. “అత్తమ్మకు ధర మాత్రం చెప్పకండి” అని రైల్లో నాతో ఒట్టు వేయించుకుంది. హైదరాబాద్‌లో మనం గది కోసం తిరిగిన రోజుల్లో చేతిలో డబ్బు లేక మన వంతు మాంసం బర్రెకూరతో వండే చవకైన కల్యాణీ బిర్యానీగానే దొరికేది. ఇంటి యజమానికి వాసన తగలకూడదని ఆ పొట్లాన్ని కిటికీలు మూసి విప్పుకున్నాం కదా. ఇక్కడ మాత్రం ఆ పొగను వీధి మలుపు దాకా వదులుతారు, దాన్ని పట్టుకొనే జనం వస్తారు.

మరునాడు ఫోనులో అమ్మకు అంతా చెప్పాను, ధర తప్ప. ఆమె శ్రద్ధగా విని, “గంత మంచి కూర అంటున్నవ్, ఎన్ని విజిళ్ళకు దించిండ్రు?” అని అడిగింది. కుక్కర్‌లో పెట్టనే లేదంటే నమ్మలేదు. “పచ్చిది పెట్టి పైసలు తీస్కున్నరు” అని తేల్చేసింది.

మేలో నెల రోజులు సెలవు పెట్టి వస్తున్నాం. ఎండలు అప్పటికి ముదిరి ఉంటాయి కాబట్టి మీ అమ్మతో ఇప్పుడే మాట్లాడి ఉంచు. తాడు నేనే కడతాను, కాకుల కాపలాకు మీ పిల్లలనూ మా పిల్లలనూ కూర్చోబెడదాం. బట్ట మాత్రం కప్పవద్దని చెప్పు.

నీ మిత్రుడు