కారు కొనేవాళ్లకు ముందు కావాల్సింది పార్కింగ్‌లో ప్లగ్గు

సంపాదకులకు నమస్కారం.

2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగినప్పటి నుంచి మా కావలిలో ఇద్దరు ఉద్యోగస్తులు కలిస్తే కార్ల మాటే. ఎలక్ట్రిక్ తీసుకోవాలా, మైలేజీ ఇచ్చే చిన్న పెట్రోలు కారు తీసుకోవాలా? 'ఊళ్లో తిరగడానికి ఎలక్ట్రిక్, హైవే మీదికి పెట్రోలు' అని అందరూ చెబుతారు. డబ్బు లెక్క వేసి చూస్తే మాత్రం తిరగబడుతోంది.

కావలి నుంచి నెల్లూరు సుమారు 55 కిలోమీటర్లు, రానూపోనూ 110. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు నాలుగు రూపాయల అదనపు వ్యాట్, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. అందుకే లీటరు 110 రూపాయల దగ్గరే ఉంటోంది. కంపెనీ లీటరుకు 25 కిలోమీటర్లు అని చెప్పినా, ఏసీ వేసుకుని వెళితే 20 వస్తే గొప్ప. అంటే రోజుకు 600 రూపాయలు. నెలకు పాతిక రోజులైతే 15 వేలు. అదే దూరానికి చిన్న ఎలక్ట్రిక్ కారు పదహారు యూనిట్లు తాగుతుందనుకుందాం. ఇంటి మీటరులో 400 యూనిట్లు దాటాక పడే 9.75 రూపాయల స్లాబులోనే లెక్క కట్టినా రోజుకు 160 దాటదు. బిల్లులో అదనంగా వేసే సర్దుబాటు చార్జీలు కొంత కలిసినా నెలకు పది వేలకు పైనే మిగులుతుంది. రెండు కార్లకూ ధరలో మూడు, మూడున్నర లక్షల తేడా ఉన్నా మూడేళ్లలో తీరిపోతుంది.

టౌన్‌లోనే రోజుకు పదిహేను కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఈ మిగులు నెలకు రెండు వేలో, రెండున్నర వేలో. తేడా తీరడానికి పదేళ్లకు తక్కువ పట్టదు. వాళ్లను అప్పు చేసి మరీ ఎలక్ట్రిక్ కారు కొనమని నేను చెప్పను. ఇంకో సంగతి కూడా షోరూముల్లో విడమరిచి చెప్పాలి. చాలా బండ్లకు బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. రోజూ కావలి–నెల్లూరు తిరిగే బండికి అయిదేళ్లలోపే వారంటీ అయిపోతుంది. అది తెలిసి కొనడం వేరు, తెలియక కొనడం వేరు.

ఇంత లాభం ఉన్న రోజువారీ ప్రయాణికుల్లో చాలామంది అద్దె ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో ఉంటారు. అసలు చిక్కు అక్కడే. మా పక్క అపార్ట్‌మెంటులో ఒకాయన మూడో అంతస్తు వంటింటి కిటికీలోంచి కిందికి వైరు దించి, రాత్రంతా కారుకు చార్జింగ్ పెడుతున్నారు. ఎక్స్‌టెన్షన్ బాక్సు చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మాడిపోయింది. వాన వస్తే దాని మీద పాలిథిన్ కవరు కప్పుతారు. చూసినప్పుడల్లా నాకు గుండె దడ. పార్కింగ్‌లో సొంత ఖర్చుతో సాకెట్ పెట్టుకుంటానంటే అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోలేదట. కామన్ మీటరు బిల్లు ఎవరు కట్టాలి, మంటలు వస్తే ఎవరిది బాధ్యత అని వాళ్ల భయం. అందులోనూ న్యాయం ఉంది. కానీ దానికి దారి చూపించేవాళ్లు ఎవరూ లేరు.

రూల్సు లేక కాదు. భవనాల పార్కింగ్‌లో 20 శాతం ఎలక్ట్రిక్ బండ్లకు అనువుగా ఉండాలని కేంద్రం 2019లోనే మోడల్ బిల్డింగ్ బైలాస్ (రాష్ట్రాలకు ఇచ్చే నమూనా భవన నిబంధనలు) మార్చింది. రాష్ట్రంలో చార్జింగ్ స్టేషన్లకు యూనిట్ 6.70 రూపాయల టారిఫ్ కూడా పెట్టారు. కానీ ఫాస్ట్ చార్జర్ దగ్గరికి వెళితే యూనిట్‌కు 20 రూపాయల పైనే పడుతుంది, మిగులులో మూడో వంతుకు పైగా పోతుంది. ముత్తుకూరు మండలం నేలటూరులో 800 మెగావాట్ల థర్మల్ విద్యుత్ యూనిట్లు మూడు నడుస్తున్న జిల్లా మనది. ఆ బూడిద, పొగ అక్కడి ఊళ్లు భరిస్తుంటే, కరెంటు మాత్రం మన కారు దాకా రాకపోవడం బాధగా ఉంది.

హైవే పొడవునా ఖరీదైన ఫాస్ట్ చార్జర్లు పెట్టడమే పని అనుకోకండి. రోజూ తిరిగేవాళ్లకు కారు ఎనిమిది గంటలు ఆగి ఉండే చోట మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గు, ఎంత వాడితే అంత కట్టే మీటరు ఉంటే చాలు. నెల్లూరు కలెక్టరేట్, పెద్దాసుపత్రి, ఆర్టీసీ బస్టాండ్, కావలి, గూడూరు రైల్వే స్టేషన్ల పార్కింగుల్లో ఇవి పెట్టవచ్చు. పగటి పూట సోలార్ కరెంటు బాగా ఉంటుంది. ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా చార్జింగ్‌కు ధర తక్కువగా ఉండాలని కేంద్ర మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) అధికారులకు నా విన్నపం: అపార్ట్‌మెంట్లలో ఫ్లాటు ఓనరైనా, అద్దెకున్నవాళ్లైనా పార్కింగ్ స్థలానికి విడిగా రెండో మీటరు అడిగితే, ఎర్తింగ్, వైరు సైజు చూసి, ఆ 6.70 టారిఫ్‌లోనే ఇవ్వండి. అసోసియేషన్ వాళ్ల భయం కూడా దాంతో తీరుతుంది. నగరపాలక సంస్థ, మున్సిపాలిటీలు కొత్త అపార్ట్‌మెంటులో జనం చేరవచ్చని చెప్పే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు సెల్లారులోకి దిగి, ఆ 20 శాతానికి వైరింగ్ వేశారో లేదో చూడాలి. వేయకపోతే సర్టిఫికెట్ ఆపాలి.

— ఒక పాఠకుడు, కావలి, నెల్లూరు జిల్లా